జెన్నారో జేబులో కత్తి

ఎలిజబెత్ వీధి బార్బర్ జెన్నారో కపువానో మొహం ఆ వేసవిలో న్యూయార్కులో ఏ పాటల కొట్టు కిటికీలో చూసినా ఉండేది. మనిషి ఎవరో ఆ నాలుగు వీధులు దాటితే ఎవరికీ తెలియదు. మొహం మాత్రం ఊరందరికీ తెలుసు. ఆ బొమ్మ గీసింది ఆయన కూతురు అసుంత. ఆ మొహాన్ని ఊరంతా నవ్వుకునే సరుకుగా మార్చింది మాత్రం ఆమె కాదు, ఆమెకు పనిచ్చిన పెద్దమనిషి. ఆ సంగతి చెప్పుకోవాలంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా చెప్పుకోవాల్సిందే.

ఇంటింటా పియానో ఉన్న రోజులవి. పాట కావాలంటే మాటలూ స్వరాలూ అచ్చేసిన నాలుగు కాగితాల ప్రతి కొని తెచ్చుకుని ఇంట్లో వాయించుకోవాలి. ఆ ప్రతులన్నీ పుట్టేది ఇరవై ఎనిమిదో వీధిలో. ఎండాకాలం కిటికీలు తెరిచి పెడితే, ఒక్కో అంతస్తులోంచి ఒక్కో పియానో, ఒక్కో గొంతు. కింద నడిచేవాడికి పది పాటలు ఒకేసారి చెవిలో పడి ఒక్కటీ అర్థమయ్యేది కాదు. కొట్లో కొనేవాళ్లు పాట వినకముందే అట్ట మీది బొమ్మ చూసి చెయ్యి చాపేవారు. అందుకని పాట రాసేవాడు ఎంత ముఖ్యమో అట్ట గీసేవాళ్లూ అంతే ముఖ్యం. ఆ మాట యజమానులు పైకి ఒప్పుకునేవారు కాదనుకోండి.

అసుంత అక్కడ పాటలు అచ్చేసి అమ్మే ప్రెస్కాట్ అనే ఆయన దగ్గర మూడో అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని అట్టలు గీసేది. ఆడపిల్లలకు ఉచితంగా బొమ్మలు నేర్పే బడిలో చదువుకుంది. నున్నటి రాతి పలక మీద జిడ్డు బలపంతో బొమ్మను తిరగేసి గీస్తే, అచ్చులో అది సరిగ్గా పడుతుంది. కుడిచెయ్యి ఎడమచెయ్యిగా, ఎడమ బుగ్గ కుడి బుగ్గగా ఆలోచించడం ఆమెకు అలవాటైపోయింది. చిన్నప్పటినుంచీ నాన్న షాపు అద్దంలో లోకాన్ని చూస్తూ పెరిగిన పిల్ల మరి.

ఒకసారి ప్రెస్కాట్ ఇటలీలో జెన్నారో సొంతూరు నేపుల్స్ వెన్నెల మీద ఒక మెత్తటి పాట కొన్నాడు. "మీవాళ్ల పాటే. మీవాళ్లలాగే ఉండేట్టు గియ్యి," అన్నాడు అసుంతతో. ఆమెకు వేరే ఎవరూ గుర్తుకు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం షాపు మూశాక జెన్నారో తెల్లకోటు విప్పకుండానే కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని మాండొలిన్ వాయించుకుంటాడు. అది ఆయనకు పూజలాంటిది. అసుంత ఎదురుగా కాగితాలు పెట్టుకుని కూర్చుంది.

"నాన్నా, ఆ జేబులో కత్తి తీసెయ్యవా? వెన్నెల పాటకి మంగలికత్తి ఎందుకు?"

జెన్నారో కిందికి చూసుకున్నాడు. కోటు పైజేబులోంచి మడిచిన కత్తి పిడి తొంగిచూస్తోంది. "ఉండనీవే తల్లీ. కత్తి లేకుండా గీస్తే స్వర్గంలో ఉన్న మీ అమ్మ కూడా నన్ను గుర్తుపట్టదు."

అసుంత నవ్వింది. కత్తిని ఉన్నది ఉన్నట్టు గీసింది. బొమ్మ బాగా కుదిరింది. అరమూసిన కళ్లు, తీగల మీద వంగిన వేళ్లు, ఎవరి గురించో తలుచుకుంటున్న మనిషి మొహం. రాతి మీదికి ఎక్కించాక కింది మూలన చిన్న అక్షరాలతో తన పేరు కూడా రాసుకుంది. ప్రెస్కాట్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

పాట మాత్రం పైకి లేవలేదు. ప్రతులు గోడ వారన దొంతర్లుగా పడి ఉన్నాయి. జెన్నారో మాత్రం ఒకటి తెచ్చి, అద్దానికీ, తన పేరుగల పునీతుడు సాన్ జెన్నారో పటానికీ మధ్యన గోడకు మేకులు కొట్టి పెట్టుకున్నాడు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ సబ్బు పూస్తూ, "మా అమ్మాయి గీసింది. అదిగో, కింద పేరు కూడా ఉంది, చూశావా?" అని చూపించేవాడు. సబ్బు పూసిన నోటితో ఎవడు కాదనగలడు?

అచ్చు రాళ్లకు ఒక పద్ధతి ఉంది. పని అయిపోయిన రాయి మీద ఇసుకా నీళ్లూ పోసి, ఇంకో రాయితో రుద్దుతారు. పాత బొమ్మ అరిగిపోయి రాయి కొత్త బొమ్మకు సిద్ధమవుతుంది. ఆడని పాట రాయి ఎప్పుడో అరగాలి. కానీ ప్రెస్కాట్‌కు వృథా అంటే గిట్టదు. ఒకరోజు అసుంత బల్ల దగ్గర నిలబడి ఆ పాత అట్టను తిప్పి తిప్పి చూశాడు. ఆయన వేలు తిన్నగా వెళ్లి జేబు మీద ఆగింది.

"ఇదేంటి, కత్తా?"

"అవునండీ. మా నాన్న బార్బర్," అంది అసుంత. అనడమే కాదు, గర్వంగా అంది.

ఆయన ఏదో తట్టినవాడిలా బుర్ర ఊపుకుంటూ వెళ్లిపోయాడు. మిగతావాళ్లు పాట రాయించి దానికి బొమ్మ గీయిస్తారు. ఈయన గీసి ఉన్న బొమ్మకు పాట రాయించాడు. ఆ కత్తికి పాట రాయించాడు. రాతి మీది పాత అక్షరాలు గీకించేసి కొత్త పేరు ఎక్కించాడు. బొమ్మను తాకలేదు. మూలనున్న అసుంత పేరునూ తాకలేదు, అది అక్కడుందని ఎవరికి గుర్తు? పైన ఒక పక్క కోడిగుడ్డంత ఖాళీ చేసి, పాటను రంగస్థలం మీద పాడేవాడి ఫోటో పెట్టించాడు. పాటను ఎవడు జనంలోకి తీసుకెళ్తే వాడి ఫోటో అట్ట మీద వేయడం ఆ వీధి ఆనవాయితీ. ఈ పాడేవాడు ఇటలీవాడు కాదు. అతికించుకున్న మీసం, మెడలో ఎర్ర రుమాలు, పళ్లన్నీ బయటపెట్టి వెకిలినవ్వు. ఇదంతా జరుగుతున్నప్పుడు అదే అంతస్తులో పనిచేస్తున్న అసుంతకు ఒక్కడంటే ఒక్కడూ చెప్పలేదు.

ఆమెకు తెలిసింది రోడ్డు మీద. పద్నాలుగో వీధిలో ఒక పెద్ద కొట్టు ముందునుంచి ఇంటికి వెళ్తోంది. కిటికీ నిండా, ఈ చివరినుంచి ఆ చివరిదాకా నాన్న మొహం. ఒక్క క్షణం ఆమె గుండె పొంగిపోయింది. పాట లేచిందనుకుంది. అప్పుడు పైన అక్షరాలు చదివింది. "గొంతు జాగ్రత్త, వాడు టోనీ!"

లోపల పాటలు వినిపించడానికి కొట్టువాళ్లు పెట్టుకున్న పిల్ల పియానో వాయిస్తుంటే కొనడానికి వచ్చినవాళ్లు చుట్టూ మూగి, చేతులు కొడుతూ అందుకుంటున్నారు.

"గడ్డం గీసే టోనీ, వెల్లుల్లి కంపు టోనీ,
వాడి చెయ్యి నీ జేబులో, వాడి కత్తి నీ గొంతులో,
కళ్లు మూస్తే గోవిందా, జాగ్రత్తరోయ్, వాడు టోనీ!"

అసుంతకు అరికాలి మంట నెత్తికెక్కింది. కళ్లు మూసుకుని మాండొలిన్ వాయించుకుంటున్న మనిషి! వచ్చి కూర్చున్న పిల్లాడు కదిలితే ఎక్కడ గాటు పడుతుందోనని కత్తి పక్కన పెట్టి కథలు చెప్పే మనిషి! ఆ మనిషి మొహం కింద ఈ కూత! కొట్లోకి దూసుకెళ్లి ఆ కాగితాలన్నీ చింపేయాలనిపించింది. కానీ గుమ్మం దాటలేక ఇంటిదారి పట్టింది.

మర్నాడు పొద్దున్నే ప్రెస్కాట్ గదిలోకి చెప్పకుండానే వెళ్లింది.

"అట్ట మీదున్నది మా నాన్నండీ."

"అయితే?"

"ఆయన బొమ్మ మీద అలాంటి పాట ఎలా వేశారు?"

"అలాంటి పాటంటే ఎలాంటి పాటమ్మాయ్? కొట్లో నిలవడం లేదు! నీ బొమ్మకి ఇన్నాళ్లకి మంచిరోజులొచ్చాయి, సంతోషపడు."

"ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒకరి గొంతు కోసింది లేదు, ఒకరి జేబులో చెయ్యి పెట్టింది లేదు."

"మీ నాన్న కోశాడని ఎవరన్నారు? మీ నాన్న పేరేంటి?"

"జెన్నారో."

"చూశావా! పాటలోవాడు టోనీ. వాడు వేరు, మీ నాన్న వేరు. నవ్వుకోడానికి రాసిన పాటకి ఏడుపెందుకు? మావాళ్ల మీద రాస్తే నేను నవ్వనూ?"

ఆయనవాళ్ల మీద ఆ వీధిలో ఒక్క పాటా లేదు. ఐరిష్‌వాడంటే తాగుబోతు, జర్మన్‌వాడంటే పొట్ట, చైనావాడంటే జడ. నల్లవాళ్ల మీద అచ్చేసిన అట్టలైతే, గీయడానికి చెయ్యి ఎలా వచ్చిందో అనిపిస్తుంది, నోటితో చెప్పుకోలేం. అవన్నీ ఆ అంతస్తులోనే, అసుంత చుట్టూ బల్లల మీదే తయారయ్యేవి. ఇన్నాళ్లూ ఆమె తలెత్తి చూడలేదు. తనవాళ్లదాకా వస్తే గాని చురుకు తగల్లేదు. ఆ సంగతి ఆ గదిలో నిలబడి ఉన్నప్పుడే ఆమెకు తట్టింది. దాంతో కోపం ఇంకా పెరిగింది, అందులో సగం తన మీదే.

"ఆ రాయి అరగదీయించండి. దానికి బదులు ఇంకో బొమ్మ నా చేత్తో గీసిస్తాను."

"ఆడుతున్న పాట రాయి అరగదీయాలా? మతి ఉందా? ఆ రాయి నాది. దాని మీదున్నదీ నాదే," అన్నాడు ప్రెస్కాట్. అంతటితో ఆగినా బాగుండేది. సొరుగు లాగి ఒక కాగితం ఆమె ముందుకు తోశాడు. "ఇదిగో, నీ తరవాతి పని. బట్టలుతికే చైనావాడి పాట. మొన్నటి కత్తిలాగే ఇస్త్రీపెట్టె బాగా కనబడాలి. నీ చేతిలో ఆ గుణం ఉంది."

అసుంత ఆ కాగితం ముట్టుకోలేదు. బల్ల దగ్గరికి వెళ్లి తన బలపాలు రుమాల్లో మూట కట్టుకుని మెట్లు దిగింది.

ఇల్లు చేరేసరికి వీధి ఇంకో రకంగా కాచుకుని ఉంది. పై వాటాలో ఉండే కార్మెలా కొడుకు బడికెళ్లి ఇంగ్లీషు నేర్చుకున్నవాడు, తల్లికి పాటంతా అర్థం చెప్పేశాడు. మెట్ల మీద కూరగాయల బుట్ట పెట్టుకుని కూర్చున్న కార్మెలా అసుంతను చూసి గొంతెత్తింది.

"రావమ్మా రా! కన్నతండ్రి మొహానికి మసి పూసి పేరు తెచ్చుకున్నావుగా! సంతకం కూడా పెట్టావట, ఎవరు గీశారో మరిచిపోతామనా?"

"పిన్నీ, నేను గీసింది ఆ పాటకి కాదు."

"బొమ్మ నీదే, పేరు నీదే, పాట మాత్రం గాల్లోంచి ఊడిపడిందా?"

అసుంత బుట్ట పక్కనుంచి తప్పుకుని షాపువైపు నడిచింది. దానికి జవాబు మెట్ల మీద నిలబడి చెప్పేది కాదు.

వీటన్నిటికంటే కడుపు రగిలించే సంగతి షాపులో ఉంది. జెన్నారో కొత్త ప్రతి కొని తెచ్చి పాతదాని పక్కనే కొట్టాడు. ఆయనకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. మాట కూడా సబ్బూ నీళ్లూ, కూర్చో లెమ్మనేదాకానే.

"మళ్లీ అచ్చేశారే తల్లీ! మొదటిది బాగుండబట్టే కదా?" అన్నాడు కూతురితో. ఫోటోలోని అతికించిన మీసాన్ని వేలితో చూపించాడు. "ఈయనెవరో మనంటే అభిమానంలా ఉంది. మీసం పాపం సరిగ్గా కుదరలేదు. మన షాపుకొస్తే సరిచేసి పంపుదును."

అసుంత ఆయన కళ్లలో మెరుపు చూసింది. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు రోజూ వస్తూనే ఉంది. పని మానేశానని కూడా చెప్పలేదు. ఈలోపు పిడి తిప్పితే పాట మోగే పియానో బండ్లు వీధుల్లో తోసుకు తిరిగేవాళ్లు ఆ పాట మోత మోగించేశారు. జెన్నారో విని విని ఆ రాగం పట్టేశాడు. పాడు పాటే గానీ రాగం చురుకైనది, అంత నీచానికి అంత చక్కటి రాగం ఎందుకు దొరకాలో దేవుడికే తెలియాలి. ఇరుగుపొరుగువాళ్లు ఆయన్ని చూసి చూపులు తిప్పుకునేవారు. ఆయనకెవరూ చెప్పలేదు. జాలిపడ్డారో, వినోదం చూశారో, రెండూనో.

శనివారం షాపు కిటకిటలాడుతుంది. ఆ శనివారం కుర్చీలో డూలన్ ఉన్నాడు. ఆ వీధి పోలీసు. ఆదివారం మధ్యాహ్నం దాటాక బార్బర్ షాపు తెరిచి ఉండకూడదని చట్టం. ఎవడు తెరిచాడు, ఎవడు మూశాడు అని చూసేది డూలనే. అందుకని ఆయన గడ్డం గీయించుకుని డబ్బివ్వకుండా లేచిపోతే అడిగేవాళ్లు లేరు. ఇటలీవాడు కనబడితే చాలు ఆయనకు టోనీయే. జెన్నారో టోనీ, ఎదురు కొట్టు చేపలవాడు టోనీ, వాడి కొడుకూ టోనీ.

అసుంత నాన్నకు మధ్యాహ్నం తిండి, మిరపకాయలూ గుడ్డూ వేయించి రొట్టెలో పెట్టినది, పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి లోపల పాట నడుస్తోంది. డూలన్ మొహం నిండా సబ్బు నురగతో కుర్చీలో వెనక్కి వాలి పాడుతున్నాడు. తలుపు దగ్గర ఐసుబండి తోలే ఇద్దరు తాళం వేస్తున్నారు. ఎదురుగా ముక్కాలిపీట మీద జెన్నారో మాండొలిన్ వాయిస్తున్నాడు. గోడ వారన బెంచీ మీద ఎలిజబెత్ వీధి ముసలివాళ్లు తలలు దించుకుని కూర్చున్నారు.

"ఇంకోసారి టోనీ! ఆ గొంతు ముక్క ఇంకోసారి!" అన్నాడు డూలన్.

జెన్నారో చిరునవ్వుతో తల ఊపి మళ్లీ మొదటికి వచ్చాడు. తనను దొంగా హంతకుడూ అని పాడుతుంటే, తానే తీగలు మీటుతున్నాడు. అసుంతకు ఇక ఆగలేదు.

"నాన్నా, ఆపు!"

"ఏమయిందే?"

"ఆ పాటకి అర్థం తెలుసా నీకు?" ఆమె గుమ్మంలోనే నిలబడి తమ భాషలో చెప్పింది. మొదటి ముక్క చెప్పింది. రెండో ముక్క చెప్పింది. వెల్లుల్లి కంపు దగ్గర కూడా ఆగలేదు. జేబులో చెయ్యి, గొంతులో కత్తి, అన్నీ చెప్పింది. బెంచీ మీద ఒకాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

జెన్నారో తీగల మీద అరచెయ్యి ఆనించి మోత ఆపాడు. "టోనీ అంటే నేనా?"

"నువ్వూ, నేనూ, ఆ బెంచీ మీదున్న వాళ్లందరూ. నీ జేబులో కత్తి చూసి రాయించాడు నాన్నా ఆ పాట. నేనే గీశాను ఆ కత్తి. ఇన్నాళ్లూ నీకు చెప్పలేక చచ్చాను. పని కూడా మానేశాను."

ఆయన ఆమె వంక చూశాడు. తర్వాత గోడ మీది రెండు బొమ్మల వంక చూశాడు.

"ఏంటి టోనీ, సబ్బు ఆరిపోతోంది!" అని డూలన్ కుర్చీలోంచి కేకేశాడు.

జెన్నారో లేచి మాండొలిన్ మేకుకు తగిలించాడు. జేబులోంచి కత్తి తీసి విప్పాడు. తోలు పట్టీ మీద నూరాడు, అటూ ఇటూ, తొందర లేకుండా. ఐసుబండివాళ్ల తాళం ఆగిపోయింది. అసుంత చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. ఆయన డూలన్ గడ్డం పట్టుకుని మొహం ఒక పక్కకు తిప్పాడు. చెవి కిందనుంచి మొదలుపెట్టి ఆ బుగ్గంతా గీశాడు. తర్వాత గొంతు మీదికి వచ్చాడు. అక్కడ చెయ్యి మరీ నెమ్మదించింది. అంతవరకూ కూనిరాగం తీస్తున్న డూలన్ గుటక మింగాడు, కూనిరాగం ఆపేశాడు. కత్తి గొంతు మీదుగా వెన్నలా దిగింది. ఒక్క గాటు లేదు, ఒక్క వెంట్రుక లేదు.

అప్పుడు జెన్నారో కత్తిని కాగితానికి తుడిచాడు. మడిచాడు. జేబులో పెట్టుకున్నాడు. డూలన్ మెడచుట్టూ ఉన్న తువ్వాలు లాగేశాడు.

"అయిపోయింది."

"అయిపోవడమేంటి? రెండో పక్కో?"

జెన్నారో తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడగట్టుకున్నాడు. "రెండో పక్క టోనీ గీస్తాడు. వెళ్లి వెతుక్కో. ఇది జెన్నారో షాపు."

బెంచీ మీద ఎవరో ముక్కుతో నవ్వారు. డూలన్ మొహం సబ్బు లేని పక్క జేవురించింది. లేచి టోపీ పెట్టుకుని, "ఆదివారం వస్తాను. గడియారం పట్టుకుని వస్తాను," అని బయటికి నడిచాడు. సగం మొహం నున్నగా, సగం నురగతో ఆయన వీధిలో పడేసరికి కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. వీధి చివర ఇంకో బార్బర్ ఉన్నాడు, ఆయనా నేపుల్స్‌వాడే. వస్తున్నదెవరో చూసి తలుపు మూసేసుకున్నాడు.

షాపులో జెన్నారో కొత్త ప్రతిని గోడమీంచి ఊడదీశాడు. జుట్టు కత్తిరించే కత్తెర తీసుకుని పైన పాట పేరు కత్తిరించాడు. అతికించిన మీసంవాణ్ని గుండ్రంగా కత్తిరించాడు. లోపలి కాగితాలు, మాటలూ స్వరాలూ ఉన్నవి, అరచేయంత ముక్కలుగా చింపి కత్తి తుడుచుకునే కాగితాల మేకుకు గుచ్చాడు. మిగిలింది బొమ్మ, కింద కూతురి పేరు. దాన్ని మళ్లీ గోడకు కొట్టాడు.

"అది కూడా తీసెయ్ నాన్నా," అంది అసుంత.

"ఎందుకే? కత్తి బాగా కుదిరింది," అన్నాడు జెన్నారో. బెంచీ వైపు తిరిగి, "రండి, తరవాత ఎవరు?" అని పిలిచాడు.

ప్రెస్కాట్‌కు ఏమైందని అడుగుతారేమో. ఏమీ కాలేదు. చలికాలం దాకా అచ్చేస్తూనే ఉన్నాడు, చైనావాడి అట్ట ఇంకెవరిచేతో గీయించుకున్నాడు. పాట తనంతట తానే పాతబడి చచ్చింది, రాయి అరిగింది. టోనీ అనే పిలుపు మాత్రం అరగలేదు. డూలన్ కూడా మాట తప్పలేదు, ఆదివారం మధ్యాహ్నం గడియారంతో వచ్చి గుమ్మం ముందు నిలబడేవాడు. జెన్నారో ఆయన కళ్లముందే తలుపేసి కిటికీ దగ్గర మాండొలిన్ పట్టుకుని కూర్చునేవాడు. ఆ పాట తప్ప అన్నీ వాయించేవాడు.

ఆ శనివారం గడిచిన మరుసటి వారమే కార్మెలా షాపు గుమ్మంలోకి వచ్చింది. శాలువా చాటునుంచి ఒక ప్రతి తీసి అసుంత చేతిలో పెట్టింది. మొహం ఇంకా ముటముటలాడుతూనే ఉంది.

"మావాడు కొన్నాడు. ఇంట్లో ఉంచడం నాకిష్టం లేదు. కాగితం మందంగానే ఉంది, తుడుచుకోడానికి పనికొస్తుందా?"

ఆమె తర్వాత చేపలవాడు తెచ్చాడు. ఆయన తర్వాత వెనక వీధివాళ్లూ తెచ్చారు. అసుంత కౌంటరు దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ కత్తిరించేది. జెన్నారో ఎవరి గడ్డానికో సబ్బు పూస్తూ, తల తిప్పకుండా ప్రతిసారీ అదే మాట చెప్పేవాడు.

"బొమ్మ పక్కన పెట్టు తల్లీ. పాట ఇలా ఇవ్వు."